నల్ల ఫిల్టరా, ఎర్ర ఫిల్టరా?
ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో నా అనుభవాలు

(మన సంఘం వార్షిక సమావేశంలో భోజనానంతరం జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



భోజనం తర్వాత ప్రసంగమంటే చెప్పేవాడికీ వినేవాడికీ కూడా పరీక్షే. పైగా నాకిచ్చిన అంశం డి.ఎ. బకాయిలు కాదు, మెడికల్ బిల్లులు కాదు. కంటికి కనపడని వెలుగుతో ఫోటోలు తీయడం, అందుకు కెమెరా ముందు ఏ ఫిల్టరు పెట్టాలన్నది. నిద్ర వచ్చినవారు మొహమాటపడకుండా నిద్రపోవచ్చు. మన సెక్షనులో పనిచేసిన వాళ్లం, చీకట్లో పక్కవాడు ఏం చేస్తున్నాడో పట్టించుకోని అలవాటు ఉన్నవాళ్లం.

కొత్త తరం వాళ్ల కోసం ఒక మాట. నేను ఈ శాఖలో పనిచేసిన 34 ఏళ్లలో ఎక్కువ కాలం డార్క్‌రూములోనే గడిచింది. విమానం నుంచి తీసిన ఫోటోలు ప్రింటు చేయడం, నెగటివులు భద్రపరచడం, ఎండాకాలంలో డెవలపరు చల్లబరచడానికి ఐసుగడ్డల కోసం ప్యూనును పరుగెత్తించడం, ఇదీ నా ఉద్యోగం. పంట పొలాలు ఎర్రగా, చెరువులు నల్లగా కనపడే బొమ్మలు మీలో చాలామంది బల్లల మీద ఉండేవి గుర్తుందా? అవి చూసి మా అమ్మాయి చిన్నప్పుడు "నాన్నా, వరి పచ్చగా కదా ఉండేది, మీ ఆఫీసువాళ్లకు రంగులు తెలియవా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగంలో సగం.

మన కన్ను చూసే వెలుగు ఊదా రంగు దగ్గర మొదలై ఎరుపు దగ్గర ఆగిపోతుంది. కొలతల్లో చెప్పాలంటే సుమారు 400 నానోమీటర్ల నుంచి 700 వరకు. ఎరుపు తర్వాత కూడా వెలుగు ఉంది, చూసే శక్తి మనకు లేదు. దాన్నే పాఠ్యపుస్తకాల్లో పరారుణ కిరణాలు అన్నారు. ఇక్కడ ఒక అపోహ తీసేస్తాను. ఇన్‌ఫ్రారెడ్ ఫోటో అనగానే అది ఒంటి వేడిని పట్టేది అనుకుంటారు. కాదు. ఒంటి వేడి ఉండేది 10,000 నానోమీటర్ల ప్రాంతంలో, దానికి యంత్రాలు వేరు. ఫిల్ము చూసేది ఎరుపును ఆనుకుని ఉన్న కొద్దిపాటి మేర మాత్రమే. మామూలుగా దుకాణాల్లో దొరికే ఫిల్ముల్లో ఎంత గొప్పదానికైనా 900 ప్రాంతంలో చూపు ఆగిపోయేది. కాబట్టి చలిజ్వరం వచ్చినవాణ్ణి ఈ ఫిల్ముతో తీసి టెంపరేచరు చెప్పలేం.

ఆ కొద్దిపాటి మేరలోనే లోకం వేరుగా ఉంటుంది. ఆకుపచ్చని ఆకు ఆ వెలుగును తాగేయకుండా చాలా భాగం తిప్పి కొడుతుంది. అందుచేత వేపచెట్టు వెన్నముద్దలా తెల్లగా వస్తుంది. మబ్బులేని ఆకాశం నల్లబడుతుంది, నీళ్లు కాటుకలా కనపడతాయి. దూరపు కొండల మీద మసక తొలగిపోతుంది. మనిషి చర్మం పాలరాయిలా వస్తుంది. నల్ల చీర కట్టుకుని నిలబడ్డ ఇల్లాలు ఫోటోలో బూడిదరంగు చీరలో కనపడినా ఆశ్చర్యం లేదు, బట్టల అద్దకం రంగు ఆ వెలుగును ఆపకపోవచ్చు. ఈ ఆకుల తెలుపుకు ఉడ్ ఎఫెక్ట్ అని పేరు. ఉడ్ అంటే కట్టె అనుకుని చెట్లకు ముడిపెట్టేవారున్నారు, అది మనిషి పేరు. రాబర్ట్ విలియమ్స్ ఉడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1910లో ఇలాంటి ఫోటోలు తీసి ప్రచురించాడు.

ఇక ఫిల్టరు ఎందుకు? ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము పరారుణాన్ని మాత్రమే చూస్తుందనుకుంటే పొరపాటు. అది మామూలు వెలుగును కూడా చూస్తుంది, నీలాన్ని అయితే మరీ బాగా చూస్తుంది. ఫిల్టరు లేకుండా తీస్తే మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫోటోకు దీనికి పెద్ద తేడా ఉండదు. ఖరీదైన ఫిల్ము కొని మామూలు ఫోటో తీసినట్టే. కనపడే వెలుగును ఆపి, కనపడని వెలుగును పోనిచ్చే జల్లెడ కావాలి. రవ్వ జల్లెడ, పిండి జల్లెడ వేరువేరుగా ఉన్నట్టు ఈ జల్లెళ్లు కూడా రకరకాలు. ఏది తీసుకోవాలన్న దగ్గరే నేను ఒకసారి, మా మనవడు ఒకసారి దెబ్బతిన్నాం. మొదట నాది చెబుతాను.

1981. మాది కొల్లాపురం తాలూకాలో కృష్ణ ఒడ్డు ఊరు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వస్తాయని ఆ వేసవిలో ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. మా ఊరిని చివరిసారి ఫోటోలు తీయాలని నా తాపత్రయం. సరిగ్గా అప్పుడే మా మేనమామ కొడుకు అమెరికా నుంచి వస్తూ నాకోసం ఒక రోలు కొడాక్ హైస్పీడ్ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము తెచ్చాడు. ఒక్కటే రోలు. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, దాని మధ్య ఫిల్ము డబ్బాను ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకుని బస్సెక్కాను. ఆ ఫిల్మును పూర్తి చీకట్లోనే కెమెరాలోకి ఎక్కించాలి. లేకపోతే బయటికి కనపడే ఆ నాలుక గుండా, గాజు గొట్టంలో నీళ్లు పారినట్టు వెలుగు లోపలికంటా పారుతుంది. ఊళ్లో కరెంటు లేని రాత్రి, గొంగడి కప్పుకుని, లోపలి గదిలో కూర్చుని ఎక్కించాను.

ఫిల్టరు మాత్రం మన సెక్షనుది. ఇప్పుడు పెన్షను ఆపలేరు కాబట్టి ఒప్పుకుంటున్నాను. శనివారం సాయంత్రం మన బీరువాలోంచి 87సి అనే జెలటిన్ ఫిల్టరు, నోటి మాట అనుమతితో, కవరులో పెట్టుకుని తీసుకెళ్లాను. ఎక్స్‌రే ఫిల్ములా నల్లగా ఉండేది, సూర్యుడికి అడ్డం పెట్టినా ఏమీ కనపడని నలుపు. కనపడే వెలుగు ఒక్క చుక్క కూడా రానివ్వదు కాబట్టి ఇంతకన్నా మంచి ఫిల్టరు ఉండదని నా నమ్మకం. నా దగ్గర మామూలు ఎర్ర గాజు ఫిల్టరు, 25 నంబరుది, ఉంది. అది పిల్లకాయల వ్యవహారం అనుకున్నాను.

ఫిల్ముతో వచ్చిన సూచనల కాగితంలో ఎండలో ఎర్ర ఫిల్టరుకు ఎఫ్/11 దగ్గర సెకనులో 125వ వంతు అని ఉంది. మొదటి వరుస చూసి కాగితం మడిచి జేబులో పెట్టాను. అదే కాగితంలో కింద, ఎర్ర ఫిల్టరుతో ఈ ఫిల్ము వేగం 50 అనుకోవాలి, 87సి పెడితే 10 అనుకోవాలి అని ఉంది. అంటే నల్ల ఫిల్టరుకు 5 రెట్లు వెలుగు ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. చెరువు కట్ట మీది చింతలు, శివాలయం మెట్లు, రచ్చకట్ట, బడి, మా పెద్దనాయన వాళ్ల ఇల్లు, ఒకటి కాదు రెండు కాదు, 14 ఫోటోలు అయిదో వంతు వెలుగుతో తీశాను. ప్రతిదానికీ స్టాండు పెట్టడం, చూసుకోవడం, అప్పుడు ఆ నల్ల కాగితం లెన్సు ముందు టేపుతో అంటించడం, తీయడం, మళ్లీ ఊడదీయడం. ఊళ్లో పిల్లలందరూ చుట్టూ మూగారు.

చివరికి మా ఇంటి ముందుకు వచ్చాను. అమ్మను గడప దగ్గర నిలబెట్టాను. వేపచెట్టు ఇంటి మీదికి వంగి ఉంది, చైత్రమాసం కావడంతో లేత ఆకు. నేను టేపు కోసం వెతుక్కుంటుంటే అమ్మ విసుక్కుంది. "ఆ నల్ల కాయితం అడ్డం పెట్టుకుంటే నీకేం కనపడ్తదిరా? తీసెయ్. నా కాళ్లు గుంజుతున్నయి" అంది. అమ్మ మాట కాదనలేక, చెమట చేతులతో ఆ జెలటిన్ కూడా పాడవుతోందని, దాన్ని కవరులో పెట్టేసి ఎర్ర గాజు ఫిల్టరు బిగించాను. ఫిల్ములో మిగిలిన 6 ఫోటోలు దానితో తీశాను.

హైదరాబాదు వచ్చి డెవలప్ చేస్తే మొదటి 14 నెగటివులు పలచగా, వేడికి పట్టిన మసక తప్ప ఏమీ లేకుండా వచ్చాయి. ఎంత గట్టి కాగితం మీద ప్రింటు చేసినా బొగ్గుపొడి. ఆఖరి 6 చక్కగా వచ్చాయి. తెల్లటి వేపచెట్టు కింద, నల్లటి ఆకాశం ముందు, మా ఇల్లు, గడపలో అమ్మ. తర్వాత ఊరు నీళ్లలోకి పోయింది. గుడి మెట్లు, చింతలు మళ్లీ తీసే అవకాశం రాలేదు. ఆ 14 ఫోటోల గురించి నేను ఇంతవరకు మా ఇంటావిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇక మనవడి సంగతి. 2023లో వాడికి నా పాత పెంటాక్స్ కెమెరా ఇచ్చాను. ఇంజనీరింగు చదువుతున్నాడు, అన్నీ వాడికే తెలుసు. ఇల్‌ఫర్డ్ వాళ్ల ఎస్ఎఫ్ఎక్స్ 200 అనే ఫిల్ము, 850 నానోమీటర్ల ఫిల్టరు ఆర్డరు పెట్టి తెప్పించాడు. ఒక్క రోలు ధర వెయ్యి రూపాయలు దాటిన కాలం ఇది. "తాతయ్యా, 720 కన్నా 850 ఎక్కువ ఇన్‌ఫ్రారెడ్" అన్నాడు. రోలంతా తీశాడు. డెవలప్ చేస్తే అంచుల్లో కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు తప్ప మధ్యలో ఏమీ లేదు, అద్దంలా ఖాళీ. నా 14 ఫోటోల్లో మసకయినా ఉంది, వాడికి అదీ లేదు. వాడు కెమెరా చెడిపోయిందన్నాడు. కెమెరా నిక్షేపంలా ఉంది.

వాడికి చెప్పిన పద్ధతిలోనే మీకూ చెబుతాను. సికింద్రాబాదులో బయలుదేరి కాజీపేట దాకా మాత్రమే పోయే ప్యాసింజరు బండి ఉందనుకోండి. మీరు వరంగల్ స్టేషన్లో ఫ్లాట్‌ఫారం మీద కూర్చుని ఆ బండి కోసం ఎదురుచూస్తే ఏమవుతుంది? ఎంతసేపు కూర్చున్నా రాదు. ఫిల్ము ఆ బండి. దాని చూపు ఫలానా స్టేషను దాకానే. ఫిల్టరు ఎక్కే ప్రయాణికుడు. ఫలానా స్టేషను నుంచే ఎక్కుతానంటాడు. ఎస్ఎఫ్ఎక్స్ ఫిల్ము 740 దగ్గర ఆగిపోతుంది. వాడి ఫిల్టరు 850 దగ్గర కూర్చుంది. ఇద్దరూ కలుసుకోలేదు. అదే నా 1981 నాటి కొడాక్ ఫిల్ము 900 దాకా పోయేది, కాబట్టి 87సి దానికి పనికిరాని ఫిల్టరు కాదు, నేను టికెట్టుకు సరిపడా డబ్బు ఇవ్వలేదు అంతే. 

మరి 850, 950 ఫిల్టర్లు ఎందుకు అమ్ముతున్నారంటే, అవి ఇన్‌ఫ్రారెడ్ కోసం మార్పు చేయించిన డిజిటల్ కెమెరాల కోసం. ఆ కెమెరా లోపలి సెన్సారు ఫిల్ముకన్నా దూరం చూస్తుంది. ఫిల్ము కెమెరా ఉన్నవాళ్లు వాటి జోలికి పోవద్దు. దుకాణంలో అడిగితే అన్నీ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్లే అంటారు, అదీ నిజమే.

కాబట్టి ముందు ఫిల్ము ఏదో తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఫిల్టరు. నేను వాడిన కొడాక్ ఫిల్మును 2007లో ఆపేశారు. కోనికా వాళ్ల 750 ఫిల్ము పోయింది. క్రొయేషియా దేశంలో ఎఫ్కె పేరుతో చేసే ఫ్యాక్టరీ 2012లో మూతపడింది. ఎవరి ఫ్రిజ్‌లోనైనా పాత కొడాక్ రోలు ఉందంటే నాకు కబురు చేయండి గానీ, దానితో మనవరాలి పెళ్లి ఫోటోలు తీయకండి. ఈ రోజు కొత్తగా దొరికేవాటిలో చెప్పుకోదగ్గవి రెండు. ఒకటి ఇందాక చెప్పిన ఎస్ఎఫ్ఎక్స్ 200. రెండోది రోలై ఇన్‌ఫ్రారెడ్ 400, ఇది సుమారు 820 దాకా చూస్తుంది.

ఫిల్టర్ల సంగతికి వస్తే, పాతకాలం నుంచి కొడాక్ వాళ్ల రాటెన్ నంబర్లే అందరికీ ఆధారం. 25 నంబరు ఎరుపు, సుమారు 600 దగ్గర తలుపు తెరుస్తుంది. దీన్లోంచి మనకు లోకం ఎర్రగా కనపడుతుంది కాబట్టి ఫిల్టరు బిగించి కూడా చూసుకుంటూ ఫోటో తీయవచ్చు. 29 నంబరు దానికన్నా కాస్త ముదురు ఎరుపు. ఆ తర్వాత 89బి. హోయా కంపెనీ ఆర్72 అని అమ్మేది దీనికి జోడీయే, 720 దగ్గర వెలుగులో సగం వదులుతుంది, ఆపైన ధారాళంగా వదులుతుంది. అటుపైన 87, అది 800 దగ్గర. చివర నా పాత శత్రువు 87సి, 850 దగ్గర.

ఇప్పుడు బండినీ ప్రయాణికుణ్ణీ కలపండి. రోలై ఫిల్ముకు ఆర్72 పెడితే 720 నుంచి 820 దాకా, 100 నానోమీటర్ల దారి ఉంది. ఆకులు తెల్లగా వస్తాయి, ఆకాశం నల్లబడుతుంది, అన్నీ అమరుతాయి. అదే ఫిల్ముకు 87 పెడితే మిగిలేది 20. ఫోటో వస్తుంది, కానీ నిమిషాల లెక్కన షట్టరు తెరిచి కూర్చోవాలి, ఆలోగా చెట్టు ఊగుతుంది, మనకు నడుము నొప్పి వస్తుంది. 87సి పెడితే సున్నా. ఎస్ఎఫ్ఎక్స్‌కు ఆర్72 పెడితే దారి సన్నం, కానీ పనిచేస్తుంది. తెలుపు కాస్త మెత్తగా ఉంటుంది. ఇక 25 నంబరు ఎరుపు ఈ రెండు ఫిల్ములకూ పెట్టవచ్చు, కానీ ఆకులు తెల్లబడతాయని ఆశపడకండి. ఆ ఎరుపులోంచి కనపడే ఎర్రటి వెలుగు కూడా బోలెడు వస్తుంది కాబట్టి, పరారుణం వాటా అందులో కలిసిపోతుంది. ఆకాశం మాత్రం బాగా ముదురుతుంది. మరి 1981లో ఎరుపుతో మా వేపచెట్టు ఎలా తెల్లబడిందంటే, ఆ కొడాక్ ఫిల్ము 900 దాకా పోయేది, అంత దారిలో పరారుణానిదే పైచేయి. ఆనాటి పుస్తకాలు చూసి 25 చాలు అనేవారు ఈ తేడా గమనించాలి. నా సలహా సూటిగా: ఒక్క ఫిల్టరే కొనగలిగితే 720 కొనండి. మరో మాట లేదు.

రంగుల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముకు మాత్రం ఫిల్టరు పసుపుపచ్చ, 12 నంబరుది. మన బల్లల మీది ఎర్రటి పొలాల రహస్యం ఇక్కడుంది. ఆ ఫిల్ములో మూడు పొరలు, మూడూ నీలాన్ని చూస్తాయి. పసుపు ఫిల్టరు నీలాన్ని ఆపేస్తే ఆకుపచ్చ నీలంగా, ఎరుపు ఆకుపచ్చగా, పరారుణం ఎరుపుగా అచ్చవుతాయి. ఏపుగా ఉన్న పైరు పరారుణాన్ని ఎక్కువ తిప్పికొడుతుంది కాబట్టి నిప్పులా ఎర్రగా కనపడుతుంది. యుద్ధకాలంలో పచ్చ రంగు పూసి దాచిన ఫిరంగిని అసలు ఆకుల్లోంచి వేరుచేయడానికి ఈ ఉపాయం పుట్టింది. మన దేశంలో 1970 ప్రాంతంలో పిషరోటిగారి ఆధ్వర్యంలో కేరళ కొబ్బరితోటల తెగులును హెలికాప్టరు నుంచి ఇలాంటి ఫిల్ముతోనే పరిశీలించారు. 1974–75లో మన అనంతపురం జిల్లా పంటల మీద కూడా ఇలాంటి ప్రయోగం జరిగింది. బాలానగర్‌లో రిమోట్ సెన్సింగ్ సంస్థ పెరిగిన తర్వాత ఈ ఎర్రటి బొమ్మలు మన ఊరికి అలవాటయ్యాయి. ఆ రంగుల ఫిల్ము కూడా ఇప్పుడు తయారు కావడం లేదు. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పే సమయానికి ఆమెకే పిల్లలు పుట్టారు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి. లెన్సు ముందు అంచు మీద సున్నాకు గీత కొట్టినట్టు ఒక గుర్తు, పక్కన 49 అనో 52 అనో 58 అనో అంకె ఉంటుంది. ఫిల్టరు మర అంతే ఉండాలి. రెండు మూడు లెన్సులు ఉంటే పెద్దదానికి ఫిల్టరు కొని, చిన్నవాటికి రింగులు కొనుక్కోండి, రింగు ఖరీదు తక్కువ. గాజుదే కొనండి. జెలటిన్ పలచగా, చవగ్గా ఉంటుంది గానీ మన వానాకాలానికి బూజు పడుతుంది, వేలిముద్ర పడితే పోదు. వెనకటికి పొదుపరులు, వెలుగు తగలకుండా డెవలప్ చేసిన రంగుల స్లైడు ఫిల్ము ముక్కను రెండు పొరలు చేసి ఫిల్టరుగా వాడేవారు. నేనూ చేశాను. వెలుగు వెళుతుంది, ఫోటో మాత్రం కంటిలో శుక్లం ఉన్నట్టు వస్తుంది.

చవక ఫిల్టరు మీద 720 అని రాసి ఉంటే నిజమో కాదో ఎలా తెలుస్తుంది? టీవీ రిమోటును సెల్‌ఫోను కెమెరా ముందు నొక్కితే దీపం మినుకుమంటుంది, మధ్యలో ఫిల్టరు పెట్టి చూడమని కొందరు చెబుతారు. అది పరారుణం వెళుతుందని మాత్రమే చెబుతుంది, 720 అయినా 850 అయినా ఒకేలా కనపడుతుంది. నా పద్ధతి వేరు. పాతకాలపు తీగ బల్బు, 60 క్యాండిలుది, వెలిగించి చీకటి గదిలో ఫిల్టరు అడ్డం పెట్టి చూడండి. 720 అయితే తీగ ముదురు ఎర్రగా కనపడుతుంది. 850 అయితే కనపడదు, లేదా ఉందా లేదా అన్నట్టుంటుంది. ఎల్‌ఇడి బల్బుతో ఈ పరీక్ష కుదరదు, దాన్లో ఆ వెలుగు లేదు. ఇంట్లో తీగ బల్బు లేకపోతే దేవుడి గది చిన్న బల్బు పనికొస్తుందేమో చూడండి, మా ఇంట్లో అదే దిక్కయింది.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను, ఇది పెద్దవాళ్లకూ పిల్లలకూ. ఈ నల్ల ఫిల్టరు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూడకండి. 1980 ఫిబ్రవరి 16న మన రాష్ట్రం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు, నల్లగా ఉన్నది ఏదైనా కంటికి రక్ష అనుకుని నాతో ఇలాంటి ముక్కలు అడిగినవారు ఉన్నారు. ఇది కనపడే వెలుగును ఆపుతుంది, కాబట్టి కంటిపాప పెద్దదవుతుంది. కనపడని వెలుగును మాత్రం పూర్తిగా లోపలికి పంపిస్తుంది. నొప్పి తెలియదు, రెటీనా కాలిపోతుంది. 1981లో నేను ఆ 87సిని సూర్యుడికి అడ్డం పెట్టి చూశానని ఇందాక అన్నాను. అది గొప్ప కాదు, బుద్ధితక్కువ.

వాడే పద్ధతి రెండు మాటల్లో చెబుతాను. రోలై ఫిల్మును కూడా నీడలో కాదు, వీలైతే చీకట్లోనే ఎక్కించండి, దాని పారదర్శకమైన పట్టీలో కూడా వెలుగు పారుతుంది. 720 బిగించాక కళ్లకు దాదాపు ఏమీ కనపడదు, కాబట్టి స్టాండు తప్పదు. ముందు చూసుకుని, ఫోకస్ చేసి, ఆ దూరాన్ని లెన్సు మీది చిన్న ఎర్ర గుర్తుకు జరపండి. పరారుణం కాస్త వెనగ్గా కేంద్రీకరిస్తుంది, ఆ గుర్తు అందుకే. ఎఫ్/11 పెడితే చిన్న తప్పులు కప్పుకుపోతాయి. డబ్బా మీద 400 అని ఉన్నా ఫిల్టరు వేశాక వేగం 12 అనుకుని మొదలుపెట్టండి. ఎండలో ఎఫ్/11కు సెకనులో 30వ వంతు, 15వ వంతు, 8వ వంతు, 4వ వంతు, ఒకే దృశ్యానికి నాలుగూ తీయండి. లైట్ మీటరు మాట నమ్మకండి, అది చూసే వెలుగు వేరు, ఫిల్ము చూసే వెలుగు వేరు. నాలుగింటిలో ఒకటి బాగుంటే రోలు దండగ కానట్టే. ఆ చివరి ముక్క మా మనవడికి రుచించదు, వాడు అన్నీ ఒక్క దెబ్బకు కావాలంటాడు.

2024 ఏప్రిల్‌లో కృష్ణలో నీళ్లు బాగా తగ్గాయి. సంగమేశ్వరం గుడి బయటపడిందని విని మనవడూ నేనూ బయలుదేరాం. మా ఊరి వైపు కూడా వెళ్లాం. వండ్రు మట్టిలోంచి మొండిగోడలు, గుడి మెట్లు కొన్ని తేలాయి. చింతలు లేవు, మా ఇల్లు ఎక్కడిదో గోడల వరస లెక్కపెట్టుకుని తెలుసుకున్నాను. రోలై ఫిల్ము, 720 ఫిల్టరు. ఈసారి సూచనల కాగితం మొత్తం చదివాను, ఒక్కో దృశ్యానికి నాలుగేసి తీశాం. ప్రింట్లలో నది కాటుకలా ఉంది. నీళ్లు తగ్గిన నేల మీద కొత్తగా మొలిచిన గడ్డి, చేనంతా పత్తి విచ్చినట్టు తెల్లగా వచ్చింది. గుడి మెట్లు మధ్యలో నల్లగా నిలబడ్డాయి. 1981లో పోగొట్టుకున్న మెట్లు అవే. నాలుగు మెట్లు మాత్రమే.

ఆ ఫోటోలు ఇటు పక్క బల్లమీద పెట్టాను. 25, 29, 720 ఫిల్టర్లు, ఆ ఖాళీ రోలు కూడా అక్కడే ఉన్నాయి. తీగ బల్బు కూడా తెచ్చాను, ఎవరైనా పరీక్ష చేసి చూడవచ్చు. అట్ట మీద అంటించిన చిన్న ఫోటో మా అమ్మది, దాన్ని మాత్రం దయచేసి అంచులు పట్టుకుని చూడండి. టీ వచ్చినట్టుంది. సెలవు, నమస్కారం.